గుల్లరేవు చిన్నమ్మి అడిగిన గది

"పొద్దుట్నుంచి రెండుసార్లే పోసింది అత్తా. రెండేసార్లు. నిన్న ఈపాటికి నాలుగైంది. నాకెందుకో భయంగా ఉంది."

"పిల్ల ఉచ్చలు లెక్కెట్టీ తల్లిని నా జల్మలో సూడనేదు. ఎండలో ఆడింది, సెమట కారింది, ఒంట్లో నీరు ఆ దారిన పోయింది. బియస్సీ సదివినావు, ఆపాటి తెల్దేటి?"

"తెలుసు గాని..."

"తెలిస్తే మరి నీ పనికెల్లు. గుంట నాకాడుంటాది."

మూడేళ్ళ జాహ్నవిని చంకనేసుకుని, రెండో చేత్తో ఎండుచేపల మీద వాలుతున్న కాకిని అదిలిస్తూ ఈ మాటలన్న మనిషి పేరు చిన్నమ్మి. అరవై దగ్గర పడ్డాయి. భయంగా ఉందన్న పిల్ల పేరు ఉమ. చుట్టరికమేమీ లేదు, వరస కలిపి అత్తా అంటుంది. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ఇంట్లో పుట్టింది. టెక్కలిలో డిగ్రీ చదివి, రక్తపరీక్షల పని నేర్చుకుంది. భర్త సుమన్ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కాపురం పలాసలోనే. రోజూ పొద్దున్నే పిల్లని తీసుకుని, రెండు ఆటోలు మారి, వజ్రపుకొత్తూరు దాటి, జీడితోటలూ కొబ్బరితోటలూ అయిపోయి ఇసక మొదలయ్యేచోట ఉన్న గుల్లరేవుకి వచ్చేది.

గుల్లరేవు నూట ఇరవై గడపల ఊరు. అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే. అక్కడ తుఫాను షెల్టరు కింద ఒక గది ఉంది. రెండేళ్ళ కిందట ఆ గదిలో ఒక మిషను, ఒక ఫ్రిజ్జు, ఒక బల్ల పెట్టి, ఉమని కాంట్రాక్టు మీద వేశారు. ఊళ్ళో వాళ్ళూ, రెండు కిలోమీటర్ల అవతల ఇసకపాలెం వాళ్ళూ నెలకోసారి వచ్చి చెయ్యి చాపితే చాలు. మధ్యాహ్నానికి కిడ్నీల సంగతి తేలిపోయేది. లేకపోతే ఆ పరీక్షకే పలాస వెళ్ళాలి. పలాస వెళ్ళడమంటే ఒక పూట వల పోయినట్టు, లేదా ఒక రోజు చేపల బేరం మానుకుని బుట్ట దించినట్టు.

కిడ్నీల జబ్బు పట్టిన ఈ ఉద్దానంలో క్రియాటినిన్ అనే ఆ పరీక్ష పేరు తెలియని ఇల్లు ఉండదు. నాకు ఒకటి ఆరు, మా మావకి నాలుగు దాటింది అని పిల్లల ఈడు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. మధ్యలో పాయింటు అనే మాట పలకరు; ఒకటి పైన ఎంత పెరిగితే కిడ్నీలు అంత పాడైనట్టు. ఉమ ఆ అంకెల మధ్య రోజంతా కూర్చుని, సాయంత్రం ఇంటికెళ్ళి కూతురు తాగిన నీళ్ళ గ్లాసులు లెక్కపెట్టుకునేది. ఏ నీళ్ళు, ఏ మట్టి, ఏ ఎండ ఈ జబ్బుకి మూలమో ఎవరూ తేల్చలేదు. తేలని దాన్ని చూసి భయపడకుండా ఉండటం తను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

చిన్నమ్మికి అలాంటి భయాలు పెట్టుకునే తీరిక ఏనాడూ లేదు. పద్నాలుగేళ్ళకి బైరాగిని చేసుకుని ఈ ఊరొచ్చింది. ముప్పై ఏళ్ళు ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, పలాస స్టేషన్లో పాసింజరు ఎక్కి ఇచ్ఛాపురం దాకా అమ్మింది. బేరం కోసం ఒరియా నేర్చుకుంది. రెండు భాషల్లోనూ తిట్టగలదు. రైల్లో సీటు దగ్గర బుట్టకి చోటివ్వకపోతే రెండూ కలిపి తిట్టేది. ముగ్గురు పిల్లలకి పెళ్ళిళ్ళు చేసి పంపింది. ఊళ్ళో ఏ గొడవొచ్చినా ముందు మాట ఆమెదే. బైరాగి అసలు మాట్లాడడు.

మాట్లాడడు గానీ, గుల్లరేవులో బైరాగికి ఒక పెద్ద పని ఉంది. పోగులు పెట్టేది ఆయనే.

ఒడ్డుకి లాగే పెద్ద వల ఉంటుంది. పడవ దాన్ని సముద్రంలో చుట్టు తిప్పి వస్తే, రెండు కొసలూ పట్టుకుని ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది ఇసక మీద కాళ్ళు తన్నిపెట్టి లాగుతారు. వల ఒడ్డెక్కాక బైరాగి వంగి చేపల్ని పోగులు పోగులుగా పెడతాడు. మొదటి పోగు వల లాగలేని వాళ్ళది. మొగుడు పోయినావిడ, కాలు విరిగినవాడు, మంచం మీదున్నవాడు. తర్వాతే లాగినవాళ్ళకి. ఆఖరుగా మిగిలిన పోగు పెట్టినవాడిది.

ఆ ఇసక మీద ఒక మాట పలకరు. అది 'నాకు' అనే మాట. నాకు తక్కువైంది, నాకు ఇంకో రెండెయ్యి అని ఎవరూ అనరు. అంటే పరువు తక్కువ. ఒకరి గురించి ఇంకొకరు అడగాలి. "ఆల్లింట్లో పురుడుంది, ఓ సేప ఎక్కువెయ్యి" అని పక్కవాడు అంటాడు. పక్కవాడికి ఏం కావాలో ఆ పక్కవాడు అంటాడు. అందరూ అందరి గురించీ అడిగేసరికి ఎవరి పోగు వాళ్ళకి సరిగ్గా వచ్చేస్తుంది. బైరాగి ముప్పై ఏళ్ళుగా పెడుతున్నా ఒక్క తగువు రాలేదు.

చిన్నమ్మి ఒంట్లో సంగతి ఉమ ఒక్కదానికే తెలుసు. ఏడాది కిందట సరదాకి చెయ్యి చాపింది. "తియ్యి, నా రగతం కూడా సూడు, ఎంత ఉప్పుందో" అని. ఒకటి ఎనిమిది వచ్చింది. ఉమ మిషను పాడైందనుకుని మళ్ళీ చేసింది. ఒకటి ఎనిమిదే.

"మావకి చెప్పాలి అత్తా."

"సెప్తే ఆడు వల ఒగ్గేసి నా మంచం కాడ కూకుంటాడు. మంచమెక్కని మనిసిని మంచమెక్కించీగలడు. నువ్వు సెప్పకు. పిల్ల మీద ఒట్టెయ్యి."

ఉమ పిల్ల మీద ఒట్టు వెయ్యనంది. చెప్పను అని మాత్రం అంది. అప్పట్నుంచి చిన్నమ్మి నెలనెలా అందరికంటే ముందే వచ్చి, ఎవరూ లేనప్పుడు చెయ్యి చాపేది. అంకె ఎక్కువగా పెరగకుండా ఉప్పు మానించి, నొప్పి మాత్రలు మానించి, పలాస డాక్టరు రాసిన మందులు తనే తెచ్చి ఉమ ఎలాగో పట్టి ఉంచింది.

కార్తీకమాసం ముందు ఒకరోజు మండలాఫీసు నుంచి జగన్నాథరావు వచ్చాడు. టెక్కలి మనిషి. మంచివాడే. చంకలో ఫారాల కట్ట, ముఖం మీద ఇంకా మూడూళ్ళు తిరగాల్సిన మనిషి అలుపు. షెల్టరు మెట్ల మీద కూర్చుని ఊరివాళ్ళని పిలిపించాడు.

"వచ్చే ఏడు బడ్జెట్టుకి ఊరూరి అవసరాలూ పైకి పంపమన్నారు. మీకేం కావాలో చెప్పండి, రాసుకుంటాను."

అందరూ చిన్నమ్మి వైపు చూశారు.

"మాకేటి బాబూ, బాగానే ఉన్నాం," అంది చిన్నమ్మి. "ఇసకపాలెమోల్లే ఇబ్బంది పడతన్నారు. ముసిలీ ముతకా రెండు కిలోమీటర్లు ఇసకలో నడిసి ఈ గదికొత్తన్నారు. ఆల్లకో గది ఏయించండి."

"అవును, ఆల్లకి సూడండి," అన్నారు వెనక నుంచి నలుగురు. సబబుగా చెప్పిందని అందరికీ తృప్తిగా ఉంది.

చేతికి గ్లౌజులతో గుమ్మంలో నిలబడి ఉమ అంతా విన్నది. ఈ గదికి ఇచ్చిన డబ్బు కూడా మార్చితో సరి అని ఆమెకి తెలుసు. ఆ మాట అందామని నోటిదాకా వచ్చింది. కానీ గది ఉండాలనడమంటే తన జీతం ఉండాలనడమే కదా. సిగ్గేసింది. లోపలికెళ్ళి సీసాలు సర్దుకుంది.

*

బడ్జెట్టు పెట్టిన రోజు ఉమ ఫోన్లో ఆ పుస్తకాలు దింపుకుంది. వందల పేజీలు. జాహ్నవికి ఒక చేత్తో అన్నం పెడుతూ రెండో చేత్తో వెతికింది. మండలం పేరు కొడితే ఒక్కచోట దొరికింది. ఇసకపాలెం అవతల రొయ్యల కంపెనీ ఒకటి కడుతున్నారు. ఆ కంపెనీ గేటు దాకా రోడ్డు, కరెంటు మీద రాయితీ, పదేళ్ళు పన్ను మినహాయింపు. అంతే. గుల్లరేవు గది ఏ పేజీలోనూ లేదు. ఇసకపాలెం గది కూడా లేదు.

"మళ్ళీ వెతుకు, స్పెల్లింగ్ మారిందేమో," అన్నాడు సుమన్.

నాలుగు రకాలుగా వెతికింది. లేదు.

మార్చి ముప్పై ఒకటిన మిషను మీద గుడ్డ కప్పి తాళం వేసి, తాళంచెవి మండలాఫీసులో ఇచ్చేసింది. ఆఖరి పరీక్షలో చిన్నమ్మికి రెండు ఒకటి. ఉమకి పలాసలో ఒక ప్రైవేటు ల్యాబులో పని దొరికింది. జీతం తక్కువ, నిలబడే గంటలు ఎక్కువ. జాహ్నవిని పక్కింట్లో వదిలి వెళ్ళేది. పక్కింటావిడ పిల్లకి ఎన్ని నీళ్ళు పట్టిందో అడిగితే విసుక్కునేది.

పది రోజులకి చిన్నమ్మి బుట్టతో సహా ఆ ల్యాబు ముందు దిగింది. ఎండుచేపల వాసనకి లోపలున్న పేషెంట్లు ముక్కులు మూసుకున్నారు.

"గది ఎందుకు మూసినారు?"

"డబ్బు రాలేదత్తా. బడ్జెట్టులో లేదు."

"ఎందుకు నేదు? ఆ బాబు రాసుకున్నాడు గదా. సెలవెట్టు. పద."

ఉమ ఒక పూట సెలవు పెట్టింది. ఇద్దరూ మండలాఫీసుకి వెళ్ళారు. జగన్నాథరావు పాపం కుర్చీ వేశాడు. బీరువా తీసి రెండు ఫారాలు వెతికి బల్ల మీద పెట్టాడు. ఉమ చదివింది. గుల్లరేవు ఫారంలో 'గ్రామ అవసరములు' అన్న గడిలో 'ఏమియు లేవు' అని ఉంది. ఇసకపాలెం ఫారంలోనూ అదే గడిలో అదే మాట.

"ఆల్లు కూడా ఏటీ వద్దన్నారేటి?" అంది చిన్నమ్మి.

"వాళ్ళా? వాళ్ళు మీ గురించి చెప్పారమ్మా. మాకు పర్లేదు, రోగులు గుల్లరేవులో ఎక్కువ, ఆ గది తియ్యకండి అన్నారు."

చిన్నమ్మి నవ్వింది. "సూసినావా ఉమమ్మా. మేం ఆల్ల కోసం అడిగినాం, ఆల్లు మా కోసం అడిగినారు. మరి రెండూ కలిపి సూస్తే సరిపోయీది గదా బాబూ?"

"ఏ ఊరి ఫారం ఆ ఊరిదే అమ్మా. పక్క ఊరి సంగతి రాయడానికి ఇందులో గడి లేదు. మీకేం కావాలి అని అడిగాను, మాకేమీ వద్దన్నారు. నేనదే రాశాను."

చిన్నమ్మి ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. ఆ రోజు మెట్ల మీద అందరికంటే ముందు నోరు తెరిచింది తనే.

"ఆ రొయ్యల కంపెనీయోడు ఏటి రాసినాడు?"

"వాళ్ళు మాకివ్వరమ్మా. పైనే ఇచ్చుకుంటారు. నలభై పేజీలు పుస్తకంలా కుట్టించి ఇచ్చారని విన్నాను."

"నలభై పేజీలూ నాకు, నాకు అనే ఉంటాది కాబోలు," అంది చిన్నమ్మి లేస్తూ.

*

ఆ ఎండాకాలమంతా ఆమె తిరిగింది. పలాసలో ఒక ఆఫీసు, టెక్కలిలో రెండు. బుట్ట దించి గుమ్మం పక్కన పెట్టి, లోపలికెళ్ళి నిలబడేది. వీలైనప్పుడు ఉమ కూడా వెళ్ళేది. అర్జీ రాయడం ఉమ పని, అడగడం చిన్నమ్మి పని. రేపు రమ్మనేవారు. ఇది మా సెక్షను కాదనేవారు. సారు మీటింగులో ఉన్నారనేవారు. ఒకచోట అర్జీ తీసుకుని దాని మీద టీ గ్లాసు పెట్టాడు గుమాస్తా. చిన్నమ్మి గ్లాసెత్తి పక్కన పెట్టి, తడి గుండ్రాన్ని కొంగుతో ఒత్తింది. అంత మాటకారి ఏమీ అనకుండా ఉండటం చూసి ఉమకి ఏడుపొచ్చింది.

టెక్కలిలో ఒక ఆఫీసరు మాత్రం కూర్చోబెట్టి మాట్లాడాడు.

"కంపెనీ వస్తే మీ పిల్లలకే ఉద్యోగాలమ్మా. రోడ్డు లేకపోతే కంపెనీ ఎలా వస్తుంది? రాష్ట్రానికి ఆదాయం రావొద్దూ?"

"రానీయండి బాబూ. రావద్దన్నానేటి?" అంది చిన్నమ్మి. "మాకాడ పెద్ద వలుంటాది. ఊరంతా లాగుతాం. పోగులెట్టీటప్పుడు ముందు పోగు మంచం మీదున్నోల్లకి. లాగినోడికి తరవాత. గవర్నమెంటు మాత్రం ఏటి? అది కూడా వలే గదా. నాను అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కడతన్నాను. లాగీ సేతులు మాయి. కంపెనీయోడు ఇంకా తాడు ముట్టుకోనేదు, ఆడికి ముందు పోగేటి? తరవాత తీసుకోమనండి."

ఆఫీసరు నవ్వాడు. బాగా చెప్పావమ్మా అన్నాడు. ఈ ఏడాదికి ఏమీ చెయ్యలేమని, మళ్ళీ ప్రతిపాదనలు పిలిచినప్పుడు చెప్పుకోమని అన్నాడు.

బయటికొచ్చాక చిన్నమ్మి బస్టాండు అరుగు మీద కూలబడింది. "బాగా సెప్పానంట. ఈల్లందరూ అదే అంటారు," అంది. చెప్పులు తీసి కాళ్ళు చాపింది. ఉమ వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఇసకలో అడుగు పడినట్టు.

ఆ సాయంత్రమే తను పనిచేసే ల్యాబుకి తీసుకెళ్ళి రక్తం తీసింది. రెండు ఆరు.

"గది ఉంటే నెలనెలా చూసేదాన్ని. ఇంత పెరగనిచ్చేదాన్ని కాదు," అంది ఉమ. "ఆ రోజు నేను గుమ్మంలోనే ఉన్నానత్తా. డబ్బు మార్చితో అయిపోతుందని నాకు తెలుసు. నా జీతం అడిగినట్టుంటుందని నోరు మూసుకున్నాను."

చిన్నమ్మి దూది నొక్కిపట్టుకున్న మోచేతి వైపు చూసుకుంది.

"నువ్వూ మా ఊరిదానివైపోనావు," అంది. "సెడ్డ ఊరే."

*

మళ్ళీ ఫారాల రోజులొచ్చాయి. ఈసారి చిన్నమ్మి ముందే మండలాఫీసుకెళ్ళి, రెండూళ్ళకీ ఒకేచోట మీటింగు పెట్టమని పట్టుబట్టింది. జగన్నాథరావు కూడా తనకి ఒక ఊరు తిరిగే పని తగ్గుతుందని ఒప్పుకున్నాడు. గుల్లరేవు షెల్టరు ముందు ఇసకపాలెం వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఉమ జాహ్నవిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వెనక తాళం వేసిన గది. తాళం ఉప్పుగాలికి తుప్పు పట్టింది. వల దగ్గర్నుంచి బైరాగి కూడా వచ్చి, ఎప్పట్లాగే చివర నిలబడ్డాడు.

"చెప్పండి. మీకేం కావాలి?"

చిన్నమ్మి వారం రోజులుగా ఇల్లిల్లూ తిరిగి నూరిపోసింది. ఎవరిది వాళ్ళు అడగాలి, పక్కోళ్ళ మాటెత్తకూడదు అని. అందరూ సరే అన్నారు. తీరా ఇప్పుడు ఒక్కరూ నోరు తెరవలేదు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. మగవాళ్ళు ఇసక వైపు చూశారు. ఆఖరికి ఇసకపాలెం నుంచి ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మా సంగతి ఉండనీ బాబూ, ఈ గుల్లరేవోల్లు..."

"మావా, ఆగు," అంది చిన్నమ్మి. లేచి నిలబడింది.

నిలబడింది గానీ మాట రాలేదు. ఇచ్ఛాపురం దాకా రెండు భాషల్లో తిట్టిన నోరు. చిన్నమ్మి ఒకసారి బైరాగి వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"నాకు," అంది. అక్కడ ఆగింది. మళ్ళీ అంది. "నాకు గది కావాల. నా పేరు సిన్నమ్మి. నా రగతంలో అది రెండు ఆరుంది. రెండేల్ల కిందట ఒకటి ఎనిమిది. గది ఉన్నన్నాల్లూ ఉమమ్మ సూసుకుంది. మూసినాక నా కాల్లు పొంగినాయి. నెలనెలా పలాస ఎల్లి సూపించుకోడం నావల్ల కాదు. నాకు ఈ గది, మిషను, సూసీ మనిసి కావాల. రాయండి."

బైరాగి భుజం మీద తువ్వాలు తీసి, మడిచి, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

అప్పుడు ఇసకపాలెం వైపు నుంచి దుర్గ అనే పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, కూర్చునే చెయ్యెత్తింది. "నాకు ఒకటి తొమ్మిది. నాకూ రాయండి." ఇంకో ఇద్దరు చెప్పారు. ఉమ లేచింది. "ఉమ, ల్యాబు టెక్నీషియన్. నాకు ఈ పని కావాలి సార్," అంది. ముఖం వేడెక్కింది. తర్వాత ఇంకెవరూ లేవలేదు. వందమందిలో ఐదుగురు.

జగన్నాథరావు రాసుకుని, ఫారం మడవబోయాడు.

"ఏటి రాసినారు బాబూ? ఒకపాలి సదవండి."

"అదేనమ్మా, మీరు చెప్పిందే."

"సదవండి మరి."

"గ్రామస్థులు మెరుగైన వైద్య సదుపాయములు కోరుచున్నారు."

"అందులో నానెక్కడున్నాను?"

ఎవరో నవ్వారు. జగన్నాథరావు కూడా నవ్వబోయి, ఆమె నవ్వడంలేదని చూసి ఆగాడు. "గడి చిన్నదమ్మా. అంతా పట్టదు."

"పక్కన రాయండి. కింద రాయండి. ఎనకాల తెల్లగానే ఉంది గదా. పోయినేడు మీరు రాసింది సదివించుకోనేదు, ఏడాది పోయింది నాకు. ఇప్పుడు కూకుంటాను. నాకేటీ తొందర నేదు."

నిజంగానే ఆయన ముందు ఇసకలో కూర్చుంది. ఆయన వాచీ చూసుకున్నాడు, నిట్టూర్చాడు, ఫారం తిప్పి వెనక రాశాడు. గది, మిషను, మనిషి, నెలకి ఎన్ని పరీక్షలు, రెండూళ్ళ పేర్లు, ఐదుగురి పేర్లు, ఉమ కాక మిగతా నలుగురి అంకెలు. అంకెలు ఉమ చెప్పింది. రాసిందంతా ఆయన చదివి వినిపించాడు. ఒకచోట రెండు ఆరుకి బదులు రెండు మూడు అని పడింది. చిన్నమ్మి దిద్దించింది. గంటన్నర పట్టింది. అందరూ వెళ్ళిపోయారు. బైరాగి మాత్రం అదే చోట నిలబడి ఉన్నాడు.

ఇంటికెళ్ళేటప్పుడు ఆయన చిన్నమ్మికి నాలుగడుగులు వెనక నడిచాడు. పిల్లనెత్తుకుని ఉమ ఆయన వెనక నడిచింది.

"రెండు ఆరా?" అన్నాడు బైరాగి.

"ఊఁ," అంది చిన్నమ్మి.

"నాకు సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు మావా."

బైరాగి ఇంకో పది అడుగులు వేశాడు. "ఇంట్లో కూడా ఫారమియ్యాలేటే నీకు?"

ఉమకి తెలిసి ఆయన ఒక్కరోజులో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

*

ఆ ఏడు బడ్జెట్టులో కూడా ఉమ వెతికింది. ఊరి పేర్లు రాష్ట్రం పుస్తకంలో ఎక్కడా లేవు. కాని ఏప్రిల్లో జిల్లా నుంచి ఒక కాగితం వచ్చింది. గుల్లరేవు గది వారానికి రెండు రోజులు, తాత్కాలికంగా, ఏడాది వరకూ. ఇసకపాలెం ఊసు లేదు. రొయ్యల కంపెనీ రోడ్డుకి మాత్రం రెండువైపులా దీపాలు పెట్టారు.

మొదటి మంగళవారం తుప్పు పట్టిన తాళం తియ్యడానికి బైరాగి సుత్తి తెచ్చాడు. ఉమ మిషను దులిపింది. మధ్యలో ఏడాది పాడుబడ్డ మిషను కదా, సరిచూడటానికి పొద్దంతా పట్టింది. మొదట చెయ్యి చాపింది చిన్నమ్మే. ఇప్పుడు చాటు లేదు. బైరాగి పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు.

మూడు ఒకటి.

ఉమ అంకె రిజిస్టర్లో రాసి, పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏడాది ముందే ఈ కాగితం వచ్చి ఉంటే ఎంత ఉండేదో లెక్క వేసుకుంటూ ఉంది. అలా లెక్క వెయ్యకూడదని, శరీరం గీతగీసినట్టు నడవదని చదువుకుంది. అయినా వేస్తూనే ఉంది.

"సదువు," అంది చిన్నమ్మి.

"చిన్నమ్మి, గుల్లరేవు, మూడు ఒకటి."

"సరిగ్గానే రాసినావు." చిన్నమ్మి దూది నొక్కిపట్టుకుని గోడకి ఆనుకుంది. అలిసిపోయిన ముఖం. గుమ్మంలో జాహ్నవి ఇసక పోగులు పెట్టుకుంటోంది. "పొద్దుట్నుంచి ఎన్నిసార్లు పోసిందేటి?"

"మూడుసార్లు," అంది ఉమ, అని నాలిక కరుచుకుంది.

"నువ్వు మారవు. బయపడు, తల్లివి గదా, బయపడకపోతే ఎలాగ. గాని ఇంట్లో కూకుని ఉచ్చలు లెక్కెట్టకు. అది ఎవులికీ వినబడదు. రాసీ మనిసి ఎక్కడుంటే అక్కడికెల్లు. నీకేటి కావాలో నీ నోటితో, పేరెట్టి అడుగు. పక్కోల్ల కోసం తరవాత అడుగుదువు గాని, ముందు నీది అడుగు. రాసినాక సదివించుకో. సదివీదాకా కుర్సీ ఒగ్గకు."

మొన్న పలాసలో జాహ్నవిని అంగన్‌వాడీలో వేశారు. అక్కడి తాగే నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేశారో ఎవరికీ తెలియదు. ఉమ మున్సిపల్ ఆఫీసుకెళ్ళి, వరసలో గంటసేపు నిలబడి, కుర్చీ దొరికాక కూర్చుంది. "నా పేరు ఉమ. మా పాప జాహ్నవి తాగే నీళ్ళకి నాకు పరీక్ష రిపోర్టు కావాలి. మూడు నెలలకోసారి కావాలి," అంది. బల్ల అవతలాయన ఏదో రాసుకుని, సరే మీరెళ్ళొచ్చు అన్నాడు.

"ఏం రాశారో ఒకసారి చదవండి," అంది ఉమ. ఒళ్ళో పిల్లని సర్దుకుని, కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.